మనకెందుకొచ్చిన గొడవ అనని పిల్లలు

మా ఊరి హైస్కూల్లో తుపాకీ ధరించిన పోలీసు అధికారిని శాశ్వతంగా నియమించాలన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, న్యూజెర్సీలోని మా తెలుగు తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో దాదాపు అందరిదీ ఒకటే మాట: ఉంటే మంచిదే కదా, తప్పు చేయని పిల్లలకు భయమెందుకు? అదే బడిలో చదువుతున్న మా అమ్మాయి కొందరు నల్లజాతి, లాటినో స్నేహితులతో కలిసి స్కూల్ బోర్డు ముందు ఆ ప్రతిపాదనకు వ్యతిరేకంగా మాట్లాడబోతోందని తెలిసి, మేమంతా గౌరవించే ఒక పెద్దాయన నాకు విడిగా ఫోన్ చేశారు. "అది వాళ్ళకీ పోలీసులకీ మధ్య ఎప్పటినుంచో ఉన్న వ్యవహారమమ్మా, మనకెందుకొచ్చిన గొడవ? పిల్లను చదువుకోమని చెప్పు" అన్నారు. ఆయన హితవులో కపటం లేదు. అయితే బడిలో భద్రతను పెద్దలు ఏర్పాటు చేస్తే పిల్లలు అనుభవించాలన్నదీ, జాతి వివక్ష మన గడప దాకా రాదన్నదీ ఆ మాట వెనుక ఉన్న నమ్మకాలు. ఈ దేశపు బడుల చరిత్ర తెలిసినకొద్దీ ఆ రెండు నమ్మకాలూ నాలో నిలవలేదు.

మా ఊరికి కారులో రెండు గంటల లోపు దూరంలోనే, ఫిలడెల్ఫియా నగరంలో బ్రాడ్ వీధి, స్నైడర్ అవెన్యూ కలిసే చోట సౌత్ ఫిలడెల్ఫియా హైస్కూల్ ఉంది. గాయని మేరియన్ ఆండర్సన్ చదివిన బడి అది. 2009 నాటికి అక్కడి విద్యార్థుల్లో అధిక సంఖ్యాకులు నల్లజాతి పిల్లలు. ఐదో వంతుకు కాస్త అటూ ఇటూగా ఆసియా సంతతివారు, వారిలోనూ ఎక్కువమంది చైనా, వియత్నాంల నుంచి కొత్తగా వచ్చి ఇంగ్లీషు నేర్చుకుంటున్న పేద కుటుంబాల పిల్లలు. ఆ ఏడాది డిసెంబరు 3న ఈ పిల్లల మీద దాడులు జరిగాయి. పొద్దున్న బడి లోపల మొదలై, మధ్యాహ్నం భోజనాల వేళ కొనసాగి, చివరి గంట కొట్టాక వీధిలో కూడా ఆగలేదు. సుమారు 30 మంది దెబ్బలు తిన్నారు, కొందరిని ఆసుపత్రికి తీసుకెళ్ళవలసి వచ్చింది. కొట్టినవారిలో ఎక్కువమంది నల్లజాతి విద్యార్థులు. ఈ చివరి విషయాన్ని దాచిపెట్టి ఈ కథ చెప్పేవాళ్ళున్నారు, దాన్ని మాత్రమే చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఆ పిల్లలు ఈ రెండు పనులూ చేయలేదు గనుకనే వారి గురించి రాస్తున్నాను.

ఆ దాడి ఉన్నట్టుండి ఊడిపడినది కాదు. అంతకు ముందు సంవత్సరం కూడా ఇలాంటివి జరిగాయి. అప్పుడే వెయ్ చెన్ అనే విద్యార్థి తోటి చైనా పిల్లలను కూడగట్టి ఒక సంఘం పెట్టాడు. కొట్టినవాళ్ళను తిరిగి కొట్టడానికి ముఠా కట్టడం ఆ వయసులో ఎంత సులభమో మనకందరికీ తెలుసు. వాళ్ళు ఆ దారి పట్టకుండా ఎవరిని ఎప్పుడు ఎక్కడ కొట్టారో, ఏ పెద్దలకు చెప్పారో, చెప్పినప్పుడు ఆ పెద్దలు ఏం చేశారో బయటపెట్టే పని చేపట్టారు. డిసెంబరు 3 తరువాత సుమారు 50 మంది పిల్లలు వారం రోజులకు పైగా బడిని బహిష్కరించారు. బహిష్కరణ అంటే ఇంట్లో పడుకోవడం కాదు. ఆ రోజుల్లో వాళ్ళు కలుసుకున్నారు, తమ అనుభవాలను పోల్చి చూసుకున్నారు, అప్పట్లో నగర విద్యా వ్యవహారాలు చూసిన స్కూల్ రిఫార్మ్ కమిషన్ ముందు నిలబడి, తల్లిదండ్రులకు కూడా రాని భాషలో సాక్ష్యం చెప్పారు. ఏషియన్ అమెరికన్స్ యునైటెడ్ వంటి స్థానిక సంస్థలు వారికి అండగా నిలిచాయి, కాని మాట పిల్లలదే.

ఆ మాట ఏమిటన్నదే అసలు విషయం. పత్రికలకు, టీవీలకు కావలసింది నల్లవారికీ ఆసియా వారికీ తగవు. కొట్టిన పిల్లలను పంపేసి కాపలా పెంచితే పని అయిపోతుందని అధికారులకు అనిపించి ఉండవచ్చు. బడిలో కెమెరాలూ భద్రతా సిబ్బందీ పెరిగారు కూడా. పిల్లలు మాత్రం ఇది రెండు జాతుల మధ్య పోరు కాదని, ఫిర్యాదులు ఏళ్ళ తరబడి వింటూ కదలని పెద్దల బాధ్యతారాహిత్యమని పట్టుబట్టి చెప్పారు. మమ్మల్ని ఎవరు కొట్టారన్నదానితో ఆగకుండా, కొట్టగలిగే పరిస్థితిని ఇన్నాళ్ళు ఎవరు కొనసాగనిచ్చారని వాళ్ళు అడిగారు. మా భాషలో మాట్లాడగల మనిషి బడిలో ఎందుకు లేడని, ఫిర్యాదు ఇస్తే అది ఎవరి బల్ల మీదికి చేరుతుందని, అందరం కలిసి ఎలా మెలగాలో ఎవరైనా నేర్పారా అని అడిగారు. దెబ్బలు తిన్న పదహారేళ్ళ పిల్లలకు పగ తీర్చుకునే అవకాశాన్ని లోకం పళ్ళెంలో పెట్టి ఇస్తే, వద్దని తోసేసి ఇంత స్పష్టంగా ఆలోచించగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఏషియన్ అమెరికన్ లీగల్ డిఫెన్స్ అండ్ ఎడ్యుకేషన్ ఫండ్ అనే న్యాయ సహాయ సంస్థ ఆ పిల్లల తరఫున కేంద్ర న్యాయశాఖకు ఫిర్యాదు చేసింది. 2010 ఆగస్టులో న్యాయశాఖ ఆ ఫిర్యాదులో నిజముందని తేల్చింది. అదే ఏడాది డిసెంబరులో స్కూల్ డిస్ట్రిక్ట్ ఒప్పందానికి వచ్చింది. వేధింపులపై విధానాన్ని సరిచేయడం, సిబ్బందికీ విద్యార్థులకూ శిక్షణ ఇవ్వడం, ప్రతి ఫిర్యాదునూ విచారించి నమోదు చేయడం, ఇంగ్లీషు రాని కుటుంబాలకు దుబాసీలను ఏర్పాటు చేయడం వంటివి ఆ ఒప్పందం సారాంశం. చదవడానికి ఇది చప్పగా ఉంటుంది. భద్రత నిజంగా నెలకొనే చోట కాగితాలు ఇంత చప్పగానే ఉంటాయని నా అభిప్రాయం.

న్యాయశాఖ ఆ బడి విషయంలో జోక్యం చేసుకోవడానికి ఆధారం 1964 పౌరహక్కుల చట్టంలోని నాలుగో అధ్యాయం. బడుల్లో జాతి వివక్షపై చర్య తీసుకునే అధికారాన్ని అది ప్రభుత్వానికి ఇస్తుంది. ఆ చట్టాన్ని తెచ్చిన ఉద్యమంలో నల్లజాతి విద్యార్థుల పాత్ర ఎంతటిదో చెప్పడానికి ఒక్క బడి చాలు.

వర్జీనియా రాష్ట్రం ఫార్మ్‌విల్‌లోని మోటన్ హైస్కూలును 180 మంది కోసం కట్టారు. 1951 నాటికి 450 మందికి పైగా నల్లజాతి పిల్లలు అక్కడ కిక్కిరిసి చదువుతున్నారు. సరిపోని వారి కోసం ఆవరణలో చెక్కలతో పాకలు వేసి, పైన తారు కాగితం చుట్టారు. వాన వస్తే కారేవి, చలికాలంలో పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్ళకు ఉక్క, దూరంగా ఉన్నవాళ్ళకు వణుకు. తల్లిదండ్రులు బోర్డుకు అర్జీలు పెట్టుకుంటూనే ఉన్నారు. ఆ ఏప్రిల్ 23న, పదహారేళ్ళ బార్బరా జాన్స్, నెలల తరబడి రహస్యంగా కూడగట్టిన కొద్దిమంది విద్యార్థులతో కలిసి ఒక ఎత్తు వేసింది. పట్టణంలో మన పిల్లలు చిక్కుల్లో పడ్డారని ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేయించి ఆయన్ను బయటికి పంపించారు. ఆయన పేరుతో అన్ని తరగతులకూ చీటీలు పంపి అందరినీ హాల్లోకి రప్పించారు. తెర తీసేసరికి వేదిక మీద ప్రిన్సిపాల్ బదులు బార్బరా ఉంది. ఉపాధ్యాయులను బయటికి వెళ్ళమని కోరింది, కాలి చెప్పు తీసి బల్ల మీద కొట్టి సభను అదుపులోకి తెచ్చుకుంది. పిల్లలంతా సమ్మెకు దిగారు, రెండు వారాలు బడికి పోలేదు.

వాళ్ళు మొదట అడిగినది కొత్త భవనం మాత్రమే. సహాయం కోరగా వచ్చిన ఒలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ అనే న్యాయవాదులు, నల్లవారికీ తెల్లవారికీ వేరు బడుల పద్ధతినే సవాలు చేస్తామంటేనే కేసు తీసుకుంటామన్నారు. పిల్లలు, వారి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. ఆ కేసు మరికొన్నింటితో కలిసి, 1954లో బడుల్లో జాతి విభజన చెల్లదన్న సుప్రీంకోర్టు బ్రౌన్ తీర్పు అయింది. దానికి ప్రతీకారంగా ఆ కౌంటీ 1959 నుంచి 1964 వరకు ప్రభుత్వ బడులన్నింటినీ మూసేసింది. ఐదేళ్ళపాటు ఎంతోమంది నల్లజాతి పిల్లలకు చదువు లేకుండా పోయింది. పిల్లల ఉద్యమాలను ముచ్చటగా తలచుకునేవారు ఈ మూల్యాన్ని మరిచిపోతుంటారు. ఫిలడెల్ఫియాలో నల్లజాతి తోటివారి చేతిలో దెబ్బలు తిన్న ఆసియా పిల్లలకు రక్షణగా నిలిచిన చట్టం వెనుక, తారు కాగితపు పాకల్లో చదివిన నల్లజాతి పిల్లల సమ్మె ఉంది. 'వాళ్ళ వ్యవహారం' అన్న మాటను ఇంతకంటే గట్టిగా ఎలా ఖండించగలనో నాకు తెలియదు.

ఇక పోలీసుల విషయం. తప్పు చేయని పిల్లలకు భయమెందుకన్న ప్రశ్న వినడానికి సమంజసంగానే ఉంటుంది. అయితే బడిలో తప్పు ఏదన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఎదురు మాట్లాడటం, ఫోన్ లోపల పెట్టకపోవడం, పెన్సిల్ విసరడం ఒక బడిలో టీచరు మందలింపుతో పోతాయి, మరొక బడిలో కేసు అవుతాయి. 2015 అక్టోబరులో దక్షిణ కరొలినాలోని స్ప్రింగ్ వ్యాలీ హైస్కూల్లో ఫోన్ ఇవ్వనన్న ఒక నల్లజాతి బాలికను పోలీసు అధికారి కుర్చీతో సహా వెనక్కి పడదోసి నేల మీద ఈడ్చాడు. అది అన్యాయమని గొంతెత్తిన మరో బాలికను కూడా అరెస్టు చేశారు. 'బడికి భంగం కలిగించడం' అప్పుడు ఆ రాష్ట్రంలో నేరం. కేంద్ర విద్యాశాఖ 2015-16 లెక్కల ప్రకారం దేశంలోని బడి పిల్లల్లో నల్లజాతివారు 15 శాతం. పోలీసులకు అప్పగించిన, అరెస్టయిన పిల్లల్లో మాత్రం 31 శాతం. నల్లజాతి పిల్లలు రెండింతలు అల్లరి చేస్తారని నమ్మితే తప్ప, ఆ తేడా చూసేవారి కళ్ళలో ఉందని ఒప్పుకోక తప్పదు.

పెద్ద ప్రమాదం వచ్చినప్పుడు కాపాడతారు కదా అని అడగవచ్చు. 2018లో ఫ్లోరిడా రాష్ట్రం పార్క్‌లాండ్‌లో బడి కాల్పుల్లో 17 మంది చనిపోతున్నప్పుడు అక్కడికి నియమితుడైన సాయుధ అధికారి భవనం బయటే ఉండిపోయాడు. 2022 మే 24న టెక్సస్ రాష్ట్రం యువాల్డీలోని బడికి 376 మంది పోలీసులు చేరుకున్నా, హంతకుడిని ఎదుర్కోవడానికి 77 నిమిషాలు పట్టింది. 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. అన్ని చోట్లా అలాగే జరుగుతుందని నేను అనను. తుపాకీ ఉన్న మనిషిని నియమించడం, పిల్లలను కాపాడటం ఒకటే అనుకోవడం మాత్రం కష్టం. దీనికి తోడు పౌరహక్కుల సంస్థ ఏసీఎల్‌యూ 2019లో వెలువరించిన నివేదిక ప్రకారం, పోలీసు ఉండి కౌన్సెలర్ గాని, నర్సు గాని, మానసిక నిపుణుడు గాని, సోషల్ వర్కర్ గాని లేని బడుల్లో చదువుతున్న పిల్లలు 1.4 కోట్ల మంది. ఇంట్లో తండ్రి ఉద్యోగం పోయి రాత్రంతా నిద్రలేని పిల్లవాడు మరునాడు ఎవరితో చెప్పుకోవాలి? హెచ్‌-1బీ మీద బతుకుతున్న మనవాళ్ళకు ఈ ప్రశ్న కొత్త కాదు.

కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరంలో స్కూల్ డిస్ట్రిక్ట్‌కు సొంత పోలీసు విభాగం ఉండేది. 2011 జనవరిలో ఒక హైస్కూల్ దగ్గర, లోపల విద్యార్థుల నృత్య కార్యక్రమం జరుగుతుండగా, ఆ విభాగపు అధికారి కాల్పుల్లో ఇరవై ఏళ్ళ నల్లజాతి యువకుడు చనిపోయాడు. బ్లాక్ ఆర్గనైజింగ్ ప్రాజెక్ట్ అనే సంఘం బడి పోలీసులకు వ్యతిరేకంగా ఆ ఏడాదే పని మొదలుపెట్టింది. 2020 జూన్ 24న బోర్డు ఆ విభాగాన్ని రద్దు చేస్తూ ఏకగ్రీవంగా తీర్మానించినప్పుడు, పోలీసు చేతిలో నల్లజాతివాడైన జార్జ్ ఫ్లాయిడ్ హత్య రేపిన ఆవేశంలో తీసుకున్న నిర్ణయమని చాలామంది అనుకున్నారు. తీర్మానానికి ఆయన పేరే పెట్టారు, నిజమే. కాని ఆ సమయానికి బల్ల మీద సిద్ధంగా ఉన్న ప్రణాళిక తొమ్మిదేళ్ళ శ్రమ. లాస్ ఏంజెలెస్‌లో కూడా అంతే. అక్కడి విద్యార్థి బృందాలు అంతకు ముందే యాదృచ్ఛిక సోదాల మీద, 'ధిక్కారం' పేరుతో వేసే సస్పెన్షన్ల మీద ఏళ్ళ తరబడి పోరాడి 2013లో ఆ సస్పెన్షన్లను రద్దు చేయించాయి. 2020లో బోర్డు ఒక్క ఓటు తేడాతో బడి పోలీసుల బడ్జెట్‌లో 2.5 కోట్ల డాలర్లు కోసింది, మరుసటి ఏడాది నల్లజాతి విద్యార్థుల చదువుకు ప్రత్యేక ప్రణాళిక పెట్టింది. పోలీసులను తీసేయడం సగం కోరికే. ఆ డబ్బుతో ఎవరిని పెట్టాలన్నది మిగతా సగం, దాని గురించి పిల్లలు రాసిన వివరాలు ఏ బడ్జెట్ అధికారికీ తీసిపోవు.

ఈ వాదనకు కొలరాడో రాష్ట్రపు డెన్వర్ నగరం గట్టి ఎదురుదెబ్బ, దాన్ని దాటవేయను. అక్కడి బోర్డు కూడా 2020 జూన్‌లోనే పోలీసులతో ఒప్పందాన్ని ముగించాలని నిర్ణయించింది. 2023 మార్చి 22న ఈస్ట్ హైస్కూల్లో ఒక విద్యార్థి, రోజూ తనను తడిమి చూసే ఇద్దరు బడి అధికారులను కాల్చి గాయపరిచాడు. పోలీసులు వెంటనే తిరిగి వచ్చారు, ఆ జూన్‌లో బోర్డు తన పాత నిర్ణయాన్ని వెనక్కి తీసుకుంది. చూశారా, పిల్లల మాట వింటే ఇలాగే అవుతుందని మా గ్రూపులో ఎవరో అప్పట్లో వార్త కూడా పంపారు. నిజానికి తుపాకీ తెస్తాడేమోనన్న అనుమానంతో రోజూ సోదా చేయవలసిన పిల్లవాడిని బడి సిబ్బంది చేతికి వదిలేసిన పద్ధతి లోపం అది. ఆ పద్ధతిని రాసింది విద్యార్థులు కాదు. అదే బడి పిల్లలు ఆ నెలలోనే కొలరాడో శాసనసభకు వెళ్ళి తుపాకుల చట్టాల కోసం నిలబడ్డారు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి: ఉన్నదాన్ని తీసేసినంత వేగంగా దాని స్థానంలో రావలసినది రాకపోతే, మొదటి ప్రమాదంలోనే జనం పాతదాన్ని వెనక్కి పిలుస్తారు. భయపడిన తల్లిదండ్రులను నేను నిందించలేను.

మనవాళ్ళు పోలీసు వైపు ఇంత సులభంగా మొగ్గడానికి కారణం మన చదువుల్లోనే ఉందని నా అనుమానం. ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కాలేజీల్లో తెల్లవారుజాము స్టడీ అవర్లు, గేట్ పాసులు, వారాంతపు పరీక్షల ర్యాంకులను బట్టి మారే సెక్షన్లు, అర్ధరాత్రి టార్చి లైటుతో తిరిగే వార్డెన్లు. అవన్నీ దాటి వచ్చినవాళ్ళమే ఇక్కడ ఉన్నాం గనుక, ఆ కట్టుబాటే మనల్ని ఇంత దూరం తెచ్చిందని అనుకుంటాం. అక్కడే ఆగిపోయినవాళ్ళు ఈ గ్రూపులో లేరు, వారి అభిప్రాయం మనకు వినపడదు. విద్యార్థి సంఘం అనగానే బంద్‌లు, పగిలిన బస్సు అద్దాలు గుర్తుకు తెచ్చుకోవడం కూడా మన అలవాటే. 1969లో తెలంగాణ వీధుల్లో ప్రాణాలు పోగొట్టుకున్న విద్యార్థుల ఇళ్ళను ఎరిగిన తరం భయపడటంలో ఆశ్చర్యం లేదు. అయితే మా అమ్మాయి బృందం సాయంత్రాల్లో చేసేది చూస్తుంటే నాకు బంద్ గుర్తుకు రాదు. డిస్ట్రిక్ట్ బడ్జెట్ పత్రంలో ఒక్కో పద్దు కింద గీతలు గీస్తారు, ఎంతమంది పిల్లలకు ఒక కౌన్సెలర్ అని లెక్క వేసి, అమెరికన్ స్కూల్ కౌన్సెలర్ అసోసియేషన్ సూచించిన 250తో పోలుస్తారు, బోర్డు ముందు దొరికే మూడు నిమిషాల్లో ఎవరు ఏ వాక్యం చెప్పాలో గడియారం పెట్టుకుని సాధన చేస్తారు. కొన్నిసార్లు మాటా మాటా పెరిగి ఎవరో ఒకరు అలిగి వెళ్ళిపోతారు, మళ్ళీ వస్తారు. మనం కోరుకునే చదువు ఇందులో లేదని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను.

వారి కోరికల్లో ఒకటి నేరుగా మన ఇళ్ళకు సంబంధించినది. ఇంగ్లీషు సరిగా రాని కుటుంబాలకు బడి దుబాసీని ఏర్పాటు చేయాలని, ఆ జాబితాలో తెలుగును కూడా చేర్చాలని వాళ్ళు అడుగుతున్నారు. దీనికి దారి వేసినవాళ్ళు కూడా వలస పిల్లలే: శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా విద్యార్థుల తరఫున నడిచిన లౌ కేసులో, అర్థం కాని భాషలో బోధించి వదిలేయడం కూడా వివక్షేనని 1974లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే మా డిస్ట్రిక్ట్ లెక్కల్లో తెలుగు కుటుంబాలు ఉండవలసినన్ని కనబడవు. పిల్లలను చేర్చేటప్పుడు ఇంటి భాష ఏదని అడిగే కాగితంలో, తెలుగు అని రాస్తే పిల్లను ఈఎస్ఎల్ (ఇంగ్లీషు రానివారికి నేర్పే) తరగతిలో వేస్తారన్న భయంతో మనలో చాలామంది ఇంగ్లీషు అని రాస్తాం. ఆ తరువాత పగలంతా మనవలను చూసుకునే అమ్మమ్మకు బడి నర్సు ఫోన్ చేస్తే, ఆమె హలో అని, ఆ తరువాత ఏం చెప్పాలో తెలియక పెట్టేస్తుంది. ఆ కాగితాన్ని సరిచేయమని బడి ఆఫీసుకు వెళ్ళి అడగవచ్చు. ఇంగ్లీషు ఎంత వచ్చో చూశాకే తప్ప ఇంటి భాషను బట్టి మాత్రమే పిల్లలను ఆ తరగతిలో వేయరు గనుక, ఈఎస్ఎల్ భయం కూడా చాలావరకు అనవసరం. బోర్డు ఈ కోరిక మీద నిర్ణయం తీసుకునేది ఆ లెక్కలు చూసే. కాబట్టి మన గ్రూపులోని ప్రతి ఇల్లూ ఈ నెలలోనే ఆ పని చేయాలని అడుగుతున్నాను.